కట్ట కనిపించని చెరువు: ‘కేపబిలిటీ’ బ్రౌన్ మిగిల్చిన నేల

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో బ్లెన్‌హైమ్ ప్యాలెస్ ఎదుట ఒక భారీ రాతి వంతెన ఉంది. 18వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో జాన్ వాన్‌బ్రూ అనే వాస్తుశిల్పి దాన్ని తలపెట్టాడు. లోపల ముప్ఫైకి పైగా గదులున్న ఆ కట్టడం కింద పారేది గ్లైమ్ అనే చిన్న వాగు. పిల్లకాలువ మీద కోటంత వంతెన అని చూసినవాళ్లు నవ్వుకున్నారు. 1764 ప్రాంతంలో అక్కడ పని చేపట్టిన ఉద్యానశిల్పి లాన్సలాట్ బ్రౌన్ వంతెనను ముట్టుకోలేదు. దిగువన వాగుకు అడ్డంగా కట్ట వేయించాడు. నీరు ఎగదన్ని లోయంతా నిండింది, వంతెన కింది అంతస్తు గదులు మునిగాయి. వాన్‌బ్రూ వంతెనకు తగినంత నీరు దాని కింద మొదటిసారి నిలిచింది. ఇప్పుడు అక్కడికి వెళ్లేవారిలో చాలామంది ఆ సరస్సును ప్రకృతి సహజంగా ఏర్పడినదనే అనుకుంటారు. అలా అనుకోవాలనే బ్రౌన్ దాన్ని అలా మలిచాడు.

తెలుగువారికి బ్రౌన్ అనగానే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గుర్తుకు రావడం సహజం. ఈ బ్రౌన్ వేరు. నిఘంటుకారుడు కలకత్తాలో పుట్టడానికి 15 ఏళ్ల ముందే ఈయన కన్నుమూశాడు. ఏ ఎస్టేటుకు వెళ్లినా ‘ఈ నేలకు మంచి కేపబిలిటీ ఉంది’ అని, అంటే ఇంకా అందంగా మారగల సత్తా దీనికి ఉందని యజమానికి చెప్పేవాడట. అదే మారుపేరై నిలిచింది. ఆయన చేయి పడిందని చెప్పుకునే చోట్లు 250కి పైగా ఉన్నాయి. వాటిలో 150కి పైగా నేటికీ ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి. ఇంగ్లండ్ పల్లెసీమ అనగానే ప్రపంచం కళ్లముందు కదిలే చిత్రంలో పచ్చిక వాలు, అక్కడక్కడా గుంపుగా చెట్లు, మెలికలు తిరిగే నీరు, దూరంగా మేసే గొర్రెలు ఉంటాయి. ఆ చిత్రంలో పెద్ద పాలు ఈ ఒక్క మనిషి పనిదే.

బ్రౌన్ స్కాట్లండ్ సరిహద్దుకు దగ్గరలోని నార్తంబర్లండ్‌లో, కర్క్‌హార్ల్ అనే పల్లెలో పుట్టాడు. 1716 ఆగస్టు 30న బాప్తిస్మం ఇచ్చినట్టు రికార్డు ఉంది. పదహారేళ్లదాకా బడికి వెళ్లి, తర్వాత ఊరి దొర తోటలో పనికి చేరాడు. 1741లో బకింగ్‌హమ్‌షైర్‌లోని స్టో తోటకు వచ్చాడు. లార్డ్ కోభమ్ సొత్తైన ఆ తోట ఆనాటి ఇంగ్లండ్‌లో అన్నింటికన్నా పేరున్నది. ఏడాదికి 25 పౌండ్ల జీతంతో అక్కడ ప్రధాన తోటమాలి అయ్యాడు. చిత్రకారుడూ వాస్తుశిల్పీ అయిన విలియం కెంట్ ఆలోచనలను దగ్గరుండి నేల మీద అమలు చేసే అవకాశం ఆయనకు స్టోలోనే దొరికింది. ‘గ్రీకు లోయ’ అని పిలిచే పల్లపు మైదానం కోసం వేల ఘనగజాల మట్టిని మనుషులు పారలతో తవ్వి, బండ్లతో తరలించారు. కోభమ్ చనిపోయాక 1751లో బ్రౌన్ లండన్ దగ్గరి హామర్‌స్మిత్‌కు మారి సొంతంగా పని మొదలుపెట్టాడు. 1764 నాటికి మూడో జార్జి రాజుకు హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో ప్రధాన ఉద్యానకారుడయ్యాడు. అక్కడ 1768లో నాటిన ద్రాక్షతీగ ఇంకా కాపు కాస్తూనే ఉంది. 1767లో కేంబ్రిడ్జి దగ్గర ఫెన్‌స్టాంటన్ అనే ఊరి ఎస్టేటును 13,000 పౌండ్లకు కొన్నాడు. ప్రభువుల నేలలు దిద్దిన తోటమాలి తానే ఒక చిన్న భూస్వామి అయ్యాడు.

ఆయనకు ముందున్న పద్ధతిని తలచుకుంటే మార్పు ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఫ్రాన్స్‌లోని వర్సాయ్ నమూనాలో తోట అంటే కొలబద్దతో గీసినట్టు తిన్నని బాటలు, కత్తిరించిన పొదలు, ముగ్గులా తీర్చిన పూలమళ్లు, రాతి తొట్లలో ఫౌంటెన్లు. ఇంటి చుట్టూ మనిషి ఆజ్ఞ నడుస్తోందని ఆ తోట గట్టిగా చాటేది. బ్రౌన్ ఆ ముగ్గును చెరిపేశాడు. పచ్చికను నేరుగా ఇంటి గోడదాకా తెచ్చాడు. మళ్లు, గోడలు, మెట్లు తీసేశాడు. దొర కిటికీ తెరిస్తే కంటికి అందినంత మేర నేల తెంపు లేకుండా సాగినట్టు ఉండాలి. అలా అనిపించడానికి ఎంత పని జరిగిందో కిటికీలోంచి కనిపించకూడదు.

నీటి దగ్గర ఆయన నేర్పు బాగా తెలుస్తుంది. మన ఊళ్లలో చెరువు కట్టను ఎవరూ దాచుకోరు. దాని మీదే దారి ఉంటుంది, దాని మీదే కట్ట మైసమ్మ కొలువై ఉంటుంది, అలుగు పారితే ఊరంతా చూడటానికి వెళుతుంది. బ్రౌన్‌కు కూడా కట్ట, తూము, అలుగు అన్నీ కావాలి. కాని అవేవీ కంటపడకూడదు. లోయ ఇరుకైన చోట మట్టికట్ట పోయించి, నీరు కారిపోకుండా తడిపిన బంకమట్టిని పొరలు పొరలుగా పరిపించి, తొక్కించి గట్టిపరిచేవాడు. కట్ట మీద గడ్డి, చెట్లు పెంచి దాన్ని మామూలు దిబ్బలా మార్చేవాడు. చెరువు కొసను తిన్నగా ముగియనివ్వకుండా ఒక మలుపు తిప్పి, ఆ మలుపు వెనక తోపు నాటించేవాడు. దాంతో అక్కడ ఆగిపోయిన నీరు తోపు వెనక నదిలా ఇంకా సాగిపోతున్నట్టు భ్రమ కలుగుతుంది. ససెక్స్‌లోని పెట్‌వర్త్‌లో 1750లలో ఇలా తవ్వించిన చెరువునే, డెబ్బై ఏళ్లు గడిచాక, చిత్రకారుడు టర్నర్ సాయంత్రపు వెలుగులో మళ్లీ మళ్లీ గీశాడు. టర్నర్ ప్రకృతిని చిత్రించాడని అంటాం. ఆ ప్రకృతిని అప్పటికే ఒకరు చేత్తో దిద్ది ఉంచారు.

గొర్రెలూ జింకలూ ఇంటి పచ్చికలోకి రాకుండా ఆపుతూనే అడ్డు కనిపించకుండా చేయడానికి ‘హా-హా’ అనే ఏర్పాటు ఉండేది. ఒక వైపు నిలువు గోడ, మరో వైపు ఏటవాలు నేల ఉన్న కందకం అది. ఇంటి వైపు నుంచి చూస్తే గోడ నేల మట్టానికి కిందే ఉండిపోతుంది. పశువు కందకంలోకి దిగినా గోడ ఎక్కలేదు. ఇది బ్రౌన్ కనిపెట్టింది కాదు, స్టోలో ఆయన కన్నా ముందే ఉంది. దాన్ని పెద్ద ఎత్తున, తప్పనిసరి పనిముట్టుగా వాడటం మాత్రం ఆయన పద్ధతి. చెట్ల విషయమూ అంతే. ఎస్టేటు పొడవునా అంచున దట్టమైన వరుస, మధ్యలో గుంపులు గుంపులుగా ఓక్, బీచ్, లెబనాన్ దేవదారు. ఎదిగిన చెట్టునే వేళ్లతో సహా పెకలించి మరోచోట నాటడానికి చక్రాల బండి మీద పొడవాటి దూలం బిగించిన యంత్రాన్ని వాడేవాడు. అయినా ఎక్కువ చెట్లు మొక్కలుగానే నేలలోకి వెళ్లాయి. అవి వృక్షాలై బ్రౌన్ ఊహించిన ఆకారానికి రావడానికి నూరేళ్లు కావాలి. డబ్బిచ్చిన దొరా, గీసిన తోటమాలీ ఇద్దరూ చూడలేని తోటకు వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు. ఆయన పనిలో నిజంగా గౌరవించదగినది ఈ ఓపికే అనిపిస్తుంది.

ఇంత పని చేసినవాడు సిద్ధాంతం మీద ఒక్క పుస్తకమూ రాయలేదు. తన పనిని ‘స్థలాన్ని తీర్చడం’ అనేవాడు. హానా మోర్ అనే రచయిత్రి 1782లో హాంప్టన్ కోర్ట్‌లో ఆయనతో మాట్లాడి, ఆ సంభాషణను ఉత్తరంలో రాసి ఉంచింది. ఒకచోట వేలు చూపి ఇక్కడ కామా పెడతానన్నాడట. మలుపు మరికాస్త గట్టిగా ఉండాల్సిన చోట కోలన్. చూపును కాసేపు ఆపాలంటే కుండలీకరణం. ఆ తర్వాత పూర్తి విరామం పెట్టి కొత్త విషయం మొదలుపెడతానన్నాడు. చూపు ఎక్కడ సాగాలి, ఎక్కడ ఆగాలి అన్నది వాక్యనిర్మాణం లాంటిదేనని ఆయన భావన. బాగా రాసిన వాక్యంలో విరామ చిహ్నాలు కంటికి అడ్డు రావు. ఆయన తోటలో కట్టలూ కందకాలూ అంతే.

అయితే కంటపడకుండా చేసినవాటిలో కందకాలు మాత్రమే లేవు. బ్లెన్‌హైమ్‌లో హెన్రీ వైజ్ ఎంతో ఖర్చుతో వేసిన పెద్ద పూలతోట బ్రౌన్ చేతిలో పచ్చికగా మారింది. పాత తోటలను ప్రేమించినవారికి అది తీరని నష్టం. మనుషులకు జరిగిన నష్టం అంతకన్నా పెద్దది. డోర్సెట్‌లోని మిల్టన్ ఎస్టేట్‌లో లార్డ్ మిల్టన్‌కు తన ఇంటి దగ్గరున్న పాత ఊరు కంటిలో నలుసైంది. ఇళ్లు, దుకాణాలు, సత్రాలతో బతికిన ఆ ఊరిని కొన్నేళ్లపాటు ఇల్లిల్లూ కొని కూల్చి, జనాన్ని చూపు మేరకు అవతల కొత్తగా కట్టిన కుటీరాలకు తరలించారు. 1780 నాటికి పని పూర్తయింది. అక్కడి నేలను దిద్దిన పనిలో బ్రౌన్ ఉన్నాడు. లీజు వదులుకోనన్న హారిసన్ అనే లాయరు ఇంట్లోకి తూములు తెరిచి నీళ్లు వదిలారనీ, ఆయన కోర్టుకు వెళ్లి గెలిచాడనీ అక్కడ నేటికీ చెప్పుకుంటారు. ఒకేలా కట్టి రెండు వరుసల్లో నిలిపిన ఆ గడ్డికప్పు ఇళ్లు, మిల్టన్ ఆబ్బస్ పేరుతో, ఇప్పుడు క్యాలెండర్ల మీద అందమైన బొమ్మ.

ఊరిని తరలించాలన్న నిర్ణయం బ్రౌన్‌ది కాదు, దొరది. ఆ తేడా ముఖ్యమే. కాని ఆ కాలమంతా పార్లమెంటు చట్టాలతో ఉమ్మడి పొలాలూ మేత బీళ్లూ కంచెల్లోకి పోయి, పెద్ద భూస్వాముల చేతికి చేరుతున్నాయి. నేల అనేది కోతలు, దుక్కులు, దారులు, మనుషులతో ఉండేది. దాన్ని చూసి ఆనందించే దృశ్యంగా మార్చడానికి బ్రౌన్ కళ అద్భుతంగా పనికొచ్చింది. పొలం గట్లు ఎత్తేస్తే, అక్కడ ఎవరు దున్నారో గుర్తుచేసే గీతలు కూడా పోతాయి.

డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న తెలుగు పాఠకుడికి మరింత దగ్గరిది. 1760ల చివర్లో లండన్‌కు నైరుతిన సర్రీలో క్లేర్‌మాంట్ అనే ఎస్టేటును రాబర్ట్ క్లైవ్ కొన్నాడు. వాన్‌బ్రూ కట్టిన పాత భవనాన్ని పడగొట్టించి, కొత్త భవనం కట్టే పనీ నేల దిద్దే పనీ బ్రౌన్‌కు అప్పగించాడు. అంతకు పదేళ్ల ముందు ఇదే క్లైవ్ విజయనగరం రాజుల పిలుపు మీద బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం నుంచి బెంగాల్ దివానీతో పాటు ఉత్తర సర్కారుల ఫర్మానాను కూడా క్లైవ్ కంపెనీకి రాబట్టాడు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి చేతులు మారిన కథకు ఆ కాగితమే తొలి మెట్టు. క్లైవ్ సొంత ఆస్తి ప్రధానంగా బెంగాల్ ఖజానా నుంచీ, అక్కడి జాగీరు నుంచీ వచ్చింది, సర్కారుల నుంచి కాదు. కాని కోస్తా నేల ఎవరిదో తేల్చిన మనిషీ, క్లేర్‌మాంట్ నేల ఎలా ఉండాలో బ్రౌన్‌ను అడిగిన మనిషీ ఒక్కరే.

బ్రౌన్ ఆ డబ్బు గురించి ఏమనుకున్నాడో చెప్పే ఒక ఉదంతం దొరుకుతుంది. 1791లో జేమ్స్ బాస్వెల్ ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ జీవితచరిత్రలో అది ఉంది. క్లైవ్ తన పడకగది తలుపు దగ్గరున్న పెద్ద పెట్టెను చూపి, ఒకప్పుడు ఇది నిండా బంగారం ఉండేదని అన్నాడు. ‘పడకగదికి ఇంత దగ్గరగా దీన్ని మీరు ఓర్చుకోగలుగుతున్నందుకు సంతోషం’ అని బ్రౌన్ బదులిచ్చాడు. తోటమాలి కొడవలి కన్నా పదునైన మాట అది. మెకాలే 1840లో క్లైవ్ గురించి రాసినప్పుడు ఆ పెట్టెను ముర్షిదాబాద్ ఖజానా బంగారంతో ముడిపెట్టి ఇదే సంగతి చెప్పాడు. అయినా బ్రౌన్ పని మానలేదు. కొత్త భవనాన్ని, తర్వాత తన అల్లుడైన హెన్రీ హాలండ్‌తో కలిసి కట్టాడు. 1774 నవంబరులో క్లైవ్ లండన్‌లో చనిపోయాడు. క్లేర్‌మాంట్‌లో స్థిరపడి బతికిందే లేదు. ఇంగ్లండ్ వారసత్వ స్థలాల సంరక్షణ చూసే నేషనల్ ట్రస్ట్ 2020లో తన ఆస్తుల్లో 93 చోట్లకు వలస పాలనతోనూ బానిస వ్యాపారంతోనూ ఉన్న సంబంధాలను నివేదికగా వెలువరిస్తే అక్కడ పెద్ద గొడవే జరిగింది. తోట చూడటానికి వచ్చినవారికి ఇవన్నీ ఎందుకని కొందరు అడిగారు. నేల నుంచి చరిత్రను చెరిపేయడమే ఆ తోట శైలి అయినప్పుడు, దాని పక్కన చరిత్ర రాసిన బోర్డు పెట్టడం చాలా అవసరం.

బ్రౌన్ పేరు ఆయన తర్వాత నిలకడగా వెలగలేదు. 1783 ఫిబ్రవరి 6న లండన్‌లో కూతురి ఇంటి దగ్గర కుప్పకూలి మరణించాడు. వనదేవతలు నల్ల చేతితొడుగులు వేసుకోవాలి, ప్రకృతి దేవి రెండో భర్త పోయాడని రచయిత హొరేస్ వాల్‌పోల్ ఒక ఉత్తరంలో రాశాడు. ప్రకృతిని ఎంత దగ్గరగా అనుకరించాడంటే ఆయన పనిని ప్రకృతే అనుకుని జనం పొరబడతారని ఆనాటి ఒక సంస్మరణలో ఉంది. ఆ మాట అక్షరాలా జరిగింది. 1794లో యువెడేల్ ప్రైస్, రిచర్డ్ పేన్ నైట్ అనే రచయితలిద్దరూ ఆయన మీద విరుచుకుపడ్డారు. అన్నీ నున్నగా, అన్నీ ఒకేలా ఉన్నాయని, గరుకు, మోడు, శిథిలం లేని నేల చప్పగా ఉంటుందని వాదించారు. ఆ విమర్శలో నిజం ఉంది. ఆయన తోటల పటాలు పక్కపక్కన పెడితే ఒకే చేతి పునరుక్తి తెలుస్తుంది. ఆయన బాటలో వచ్చిన హంఫ్రీ రెప్టన్ ఇంటి ముంగిట పూలమళ్లను తిరిగి తెచ్చాడు. విక్టోరియా కాలానికి పూలరంగుల మోజు పెరిగి, బ్రౌన్ అంటే పాత తోటలను పాడుచేసినవాడన్న పేరు స్థిరపడింది. 1950లో డొరొతీ స్ట్రౌడ్ ఆయన జీవితాన్ని వెలికితీసేదాకా పరిశోధకులు కూడా పెద్దగా పట్టించుకోలేదు. 2016లో 300వ జయంతికి ఇంగ్లండ్ అంతటా ఉత్సవాలు జరిగాయి.

ఆయన శైలి ఈలోగా సముద్రం దాటింది. రష్యా సామ్రాజ్ఞి రెండో కేథరిన్ 1772లో వోల్టేర్‌కు రాస్తూ, మెలికలూ మెత్తని వాలులూ సరస్సుల్లాంటి కొలనులూ ఉన్న ఇంగ్లిష్ తోటలంటే పిచ్చి ప్రేమ అని చెప్పుకుంది. బ్రౌన్ దగ్గర సర్వేయరుగా పనిచేసిన జాన్ స్పైయర్స్ గీసిన హాంప్టన్ కోర్ట్ బొమ్మల సంపుటాలను కొని తెప్పించుకుంది. అవి నేటికీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. 1786లో అమెరికా నేతలు థామస్ జెఫర్సన్, జాన్ ఆడమ్స్ కలిసి స్టో, బ్లెన్‌హైమ్ వంటి తోటలు చూస్తూ తిరిగారు. తర్వాతి శతాబ్దంలో ఇదే వాలు, ఇదే మెలిక నగర ఉద్యానాల్లోకి వచ్చాయి. లివర్‌పూల్ దగ్గరి బర్కన్‌హెడ్ పార్కును 1850లో చూసిన అమెరికన్ ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఆ తర్వాత కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కును రూపొందించాడు. ఒక దొర కిటికీ కోసం పుట్టిన దృశ్యం టికెట్టు లేకుండా నడిచే జనానికి దక్కింది. ఈ వారసత్వంలో అన్నిటికన్నా సంతోషం కలిగించే మలుపు ఇదే.

ఇక ఉన్నవాటిని నిలబెట్టడం మరో కథ. సహజంగా కనిపిస్తాయి కాబట్టి వాటికి పోషణ అక్కర్లేదనుకుంటారు. చెరువన్నాక పూడిక చేరుతుంది. బ్లెన్‌హైమ్‌లో ఇటీవలి సంవత్సరాల్లో పూడిక తీయడమూ కట్టను పటిష్ఠం చేయడమూ పెద్ద పనే అయింది. 1970లలో తెగులు సోకి ఇంగ్లండ్ ఎల్మ్ చెట్లు మూకుమ్మడిగా చచ్చిపోయాయి. 1987 అక్టోబరు గాలివాన ఒక్క రాత్రిలో పెట్‌వర్త్‌లో వందల చెట్లను కూల్చింది. బ్రౌన్ నాటించిన ఓక్‌లూ దేవదారులూ ఇప్పుడు ముదిమిలో ఉన్నాయి. ఎండలు పెరిగే కొద్దీ దక్షిణ ఇంగ్లండ్‌లో బీచ్ చెట్టు నీటి ఎద్దడికి తట్టుకోలేదు. పడిపోయిన చోట అదే జాతి నాటాలా, రెండు వందల ఏళ్లు బతకగల మరో చెట్టు వెతకాలా అన్నది ప్రతి తోటలోనూ తెగని చర్చ.

వోర్స్టర్‌షైర్‌లోని క్రూమ్ ఈ కష్టమంతా ఒకేచోట చూపిస్తుంది. 1751లో బ్రౌన్ సొంతంగా చేపట్టిన తొలి పెద్ద పనుల్లో ఇదొకటి. కవెంట్రీ ప్రభువు నేల అప్పుడు బురద దిగబడే చిత్తడి. భూమిలో ఇటుక కాలువలు వేయించి ఆ తడినంతా ఒక పొడవాటి కృత్రిమ నదిలోకీ సరస్సులోకీ మళ్లించాడు. భవనమూ ఆయనదే. ఇంటి పక్కనున్న పాత చర్చిని పడగొట్టి గుట్టమీద కొత్తది కట్టారు. బ్రౌన్ పోయాక ప్రభువు సరస్సు ఒడ్డున ఒక స్మారకం నిలిపి, తన సాటిలేని సృజనతో ఈ ఉద్యాన దృశ్యాన్ని బురదనేల నుంచి రూపొందించినవాడు అని చెక్కించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఎస్టేటులో వైమానిక స్థావరం వెలిసింది. తర్వాత పార్కును ఎం5 రహదారి కోసుకుంటూ పోయింది. పచ్చికను దున్ని పంటలు వేశారు. పట్టించుకునేవారు లేక సరస్సులో పూడిక పేరుకుంది, రెల్లు కమ్మేసింది. 1996లో నేషనల్ ట్రస్ట్ పార్కులో పెద్ద భాగం కొనే నాటికి ఆ స్మారకం మీది బురదనేల చాలావరకు తిరిగి వచ్చేసింది. ట్రస్ట్ మనుషులు ముందు పూడిక తీశారు. దున్నిన పొలాల్లో మళ్లీ గడ్డి చల్లారు. కవెంట్రీ కుటుంబం భద్రపరిచిన 18వ శతాబ్దపు మొక్కల బిల్లులు తెరిచి, ఏ పొద ఎన్ని మొక్కలు కొన్నారో చూసుకుంటూ, ఖాళీ అయిన చోట్లలో ఒక్కొక్కటే నాటుకుంటూ వచ్చారు.